ఆరంభశూరుడి పంట

ఆంధ్రులు ఆరంభశూరులని మొదట అన్నదెవరో గానీ, మా ఇల్లొకసారి చూసే అని ఉంటారు. యోగా కోసం కొన్న చాప మీద ఏటా వేసవిలో పాత చీర పరిచి వడియాలు పెడుతున్నారు. సంస్కృతం నేర్చుకుందామని తెప్పించిన పుస్తకాల్లో మొదటి పాఠం నలిగిపోయింది, మిగతా పాఠాలు ఇంకా అచ్చు వాసన వేస్తున్నాయి. నా డైరీలన్నీ సంక్రాంతి లోపే ఆగిపోతాయి, ఆపైన పేజీల్లో పాల లెక్క ఉంటుంది. నా ఉత్సాహానికి ఆయుష్షు పది రోజులని నాకు ఈ మధ్యే తెలిసింది. మా ఆవిడకి పెళ్లైన పదకొండో రోజునే తెలిసిందట.

అలాంటివాడికి, వారం పది రోజుల్లో చేతికొచ్చే పంట ఒకటుందని ఎవరైనా చెబితే ఆగుతాడా?

మైక్రోగ్రీన్స్ అంటారు వాటిని. గింజ మొలిచి, రెండు బీజదళాలు విచ్చుకుని, అసలు ఆకు అప్పుడే తొంగిచూస్తుండగా కాడ మొదట్లో కత్తెరతో కోసి తినేస్తారు. కలుపు తీసే పనిలేదు, మందు కొట్టే పనిలేదు, గిట్టుబాటు ధర కోసం రోడ్డెక్కే పనిలేదు. పొలమంటారా, కూకట్‌పల్లి ఫ్లాట్‌లో వెలుతురు పడే వంటింటి కిటికీ గట్టు చాలు. అన్నిటికన్నా ముఖ్యం, నాకు విసుగు పుట్టేలోగా పంటే అయిపోతుంది.

"దానికింత హడావిడి ఎందుకు? పెసలు నానబోసి గుడ్డలో కడితే మొలకలు రావూ?" అంది మా ఆవిడ. నేను సిద్ధంగానే ఉన్నాను. 2011లో జర్మనీలో మెంతి మొలకలు తిని నాలుగు వేల మంది దాకా మంచం పట్టారని, యాభై మందికి పైగా పోయారని, ఆ మెంతులు ఈజిప్టు నుంచి వచ్చాయని తేలిందని ఏకబిగిన చెప్పాను. తడి, వెచ్చదనం, మూత, ఇవి మొలకకి ఎంత ఇష్టమో బాక్టీరియాకీ అంతే ఇష్టం. మనమైతే గాలి తగిలేలా పెంచి, వేరూ గింజా వదిలేసి పైన కోసుకుంటాం కాబట్టి భయం తక్కువ. ఆవిడ అంతా విని, "ఇంతకీ మీరు వెయ్యబోయేది ఏమిటి?" అంది. మెంతులే అని చెప్పడానికి కాస్త ఇబ్బంది పడ్డాను.

ముందు కోకోపీట్ కావాలి. అంటే కొబ్బరి పొట్టు, నొక్కి ఇటుకలుగా చేసి అమ్ముతారు. 650 గ్రాముల ఇటుక కూడా దొరుకుతుంది, నాకు అది బోలెడు. కానీ ఆరంభశూరుడెప్పుడూ చిన్న ప్యాకెట్ కొనడు. ఐదు కిలోల దిమ్మ తెప్పించి, స్నానాల గదిలో టబ్బులో పెట్టి, పంపు తిప్పి ఫోన్ మాట్లాడుతూ కూర్చున్నాను. ఐదు కిలోల దిమ్మ నీళ్లు తాగితే అరవై డెబ్బై లీటర్లవుతుందని నాకు తర్వాత తెలిసింది. టబ్బు నిండింది. బకెట్లు నిండాయి. కార్తీక వనభోజనాలకి పులిహోర కలిపే పెద్ద బేసినూ నిండింది. ఆ పూట ఇంటిల్లిపాదీ పక్క ఫ్లాట్‌లో స్నానాలు చేశాం. ఏమైందని వాళ్లు అడిగితే "మావారు వ్యవసాయం మొదలుపెట్టారు" అని మా ఆవిడ చెప్పడం నేను విన్నాను.

విత్తనాల కొట్లో గులాబీ రంగు పూసిన ముల్లంగి గింజలు చూసి ముచ్చటపడ్డాను. కొట్టాయన "పొలమెక్కడ సార్?" అన్నాడు. వంటింటి కిటికీ అన్నాను. ఆయన ప్యాకెట్ వెనక్కి లాక్కున్నాడు. "వీటికి తెగులు మందు పట్టించి ఉంటుంది సార్. భూమిలో వేసుకోవడానికి, వారంలో కోసి నములుతానంటే ఇవ్వను" అని, మందు కలపని గింజలు వెతికిచ్చాడు. "టమాటా, వంగ నారు మాత్రం నోట్లో పెట్టకండి, విషం" అని కూడా చెప్పి పంపాడు. నా మొహంలో ఏం కనిపించిందో మరి.

మిగతా గింజలన్నీ మా పోపుల పెట్టెలోనే దొరికాయి. మర్నాడు పప్పులోకి తాలింపు పెడుతూ మా ఆవిడ "ఏవండీ, ఆవాలేవి?" అని అరిచింది.

"మొలిచాయి" అన్నాను.

చల్లిన గింజల్ని మొదటి రెండు మూడు రోజులు చీకట్లో ఉంచి, పైన బరువు పెట్టాలి. ఆ బరువుని ఎత్తుకుంటూ లేస్తేనే వేరు దిగుతుంది, కాడ గట్టిపడుతుంది. నా సంస్కృతం పుస్తకాలు ఇంతకాలానికి ఒక విద్యకి పనికొచ్చాయి. మూడో రోజు పుస్తకాలెత్తి చూద్దును కదా, ముల్లంగి మొలకల మొదట్లో తెల్లగా దూదిలా నూగు. బూజు! ముక్కుకి గుడ్డ కట్టుకున్నాను. పిల్లల్ని దూరంగా జరగమన్నాను. ట్రేని చెత్తబుట్ట దాకా మోసుకెళ్లాను కూడా. మా ఆవిడ తాపీగా వచ్చి, బట్టలు ఇస్త్రీ చేసేటప్పుడు చల్లే స్ప్రే సీసాతో నాలుగు చుక్కలు కొట్టింది. నూగంతా కాడలకి అంటుకుని మాయమైపోయింది. అది బూజు కాదు, వేరుకుండే సన్నని కేశాలు. తడి తగిలితే అణిగిపోతాయి. బూజైతే సాలెగూడులా కాడ నుంచి కాడకి అల్లుకుంటుంది, ముక్క వాసన వేస్తుంది, కాడలు మెత్తబడి వాలిపోతాయి. ఇవన్నీ ఏడో తరగతిలో చదువుతున్న మావాడు చెప్పాడు. మూలకేశాల బొమ్మ గీసి భాగాలు గుర్తించమని వాళ్లకి పరీక్షలో ఇచ్చారట.

పరువు నిలబెట్టుకోవడానికి అంకెలు బయటికి తీశాను. 2012లో అమెరికా వ్యవసాయ శాఖ, మేరీల్యాండ్ విశ్వవిద్యాలయం శాస్త్రవేత్తలు ఇరవై ఐదు రకాల మైక్రోగ్రీన్స్‌ని పరీక్షించారు. సి విటమిన్‌లో ఎర్ర క్యాబేజీ ముందుంది. కెరోటినాయిడ్లలో కొత్తిమీర, కె విటమిన్‌లో ఎర్ర తోటకూర, ఇ విటమిన్‌లో ముల్లంగి. ముదిరిన ఆకుల కన్నా పోషకాలు నలభై రెట్లు ఎక్కువన్నాను. నిజానికి వాళ్లు చెప్పింది నాలుగు నుంచి నలభై రెట్లని. ఆ నాలుగుని నేను మింగేశాను.

"నలభై రెట్లా? అయితే రేపట్నుంచి మీకు కూర నలభయ్యో వంతు వేస్తాను" అంది.

నా తొలి పంట గుప్పెడు. పెసరట్టు మీద మెంతి మొలకలు చల్లుకుని, చేదుని ఆస్వాదిస్తున్నట్టు మొహం పెట్టాను. ఆవ మొలకలు మాత్రం నిజంగా బాగున్నాయి, పచ్చిగా నమిలితే ఆవపెట్టిన అరటికాయ కూర ఘాటంతా ముక్కుకెక్కుతుంది. రెండో కోత నేను ఆఫీసు నుంచి వచ్చేలోపే కుక్కర్‌లో కందిపప్పుతో కలిసి మూడు విజిళ్లు వేయించుకుంది. వేడికి సి విటమిన్ పోతుందని మొత్తుకున్నాను. "పోనివ్వండి, చేదు కూడా పోయింది" అంది.

మా ఇంట్లో పనిచేసే అమ్మాయిది నల్గొండ వైపు తండా. ట్రేలు చూసి "తీజ్ పెట్టారా సార్?" అని నవ్వు ఆపుకుంది. వాళ్ల తీజ్ పండక్కి పెళ్లికాని ఆడపిల్లలు బుట్టల్లో గోధుమలు చల్లి, తొమ్మిది రోజులు పాటలు పాడుతూ నీళ్లు పోసి పెంచుతారు. "మరి ఇన్ని నీళ్లు పోస్తున్నారు, పాటేది?" అంది. తొమ్మిది రోజులు ఒకే పని మీద నిలబడే ఆ పిల్లల్ని తలుచుకుని నాకు కొంచెం అసూయ కలిగింది.

అసలు దెబ్బ నాన్న కొట్టారు. తెనాలి దగ్గర పల్లెలో నలభై ఏళ్లు వరి పండించిన మనిషి. కళ్ల పరీక్షకని వచ్చి, కిటికీ దగ్గర చాలాసేపు వంగి చూశారు. మెచ్చుకుంటారని పక్కనే నిలబడ్డాను.

"నారు ఒత్తుగానే పోశావురా. నాట్లెప్పుడు?"

"నాట్లుండవు నాన్నా. ఇలాగే కోసుకుని తినేస్తాం."

ఆయన మా ఆవిడ వైపు తిరిగారు. "అమ్మాయ్, ఊళ్లో ఈ పని గేదె చేస్తే దుడ్డుకర్ర తీసుకునేవాణ్ణి."

మామయ్యగారు అంతలా నవ్వించడం తను ఎన్నడూ చూడలేదట. వారం రోజులు చెప్పుకుంది.

ధనియాలు ఎందుకు మొలవడంలేదో కూడా ఆయనే చెప్పారు. ధనియం ఒక్క గింజ కాదు, రెండు బద్దల కాయ. చెంబు అడుగుతో నెమ్మదిగా ఒత్తి బద్దలు చేసి, రాత్రంతా నానబెట్టి ఆయనే చల్లి వెళ్లారు. కొత్తిమీరతో వచ్చిన చిక్కేమిటంటే, అది మొలవడానికే వారం పైన తీసుకుంటుంది, కోతకి మూడు వారాలు. నా ఆయుష్షు పది రోజులని ముందే మనవి చేశాను. ఈలోగా నాకు చెక్క మీద బొమ్మలు చెక్కడం మీద మనసుపోయింది. నారు పోసినవాడు నీరు పోయకపోతాడా అంటారు గానీ, మా కిటికీ దగ్గర నారు పోసింది మా నాన్న, నీరు పోసింది మా ఆవిడ.

తను దాన్ని లేతగా కోయనివ్వలేదు. అసలు ఆకులు వచ్చి, గుబురై, మామూలు కొత్తిమీర అయింది. మొన్న చారులో వేసి క్యారియర్ కట్టింది. ఆఫీసులో మూత తీయగానే ఆ వాసనకి పక్క సీటాయన తలెత్తి, "బజారుది ఇలా ఉండదే!" అన్నాడు.

"మా ఇంట్లో పండించిందేనండీ" అన్నాను. "ఏముంది, రెండు పూటలా నీళ్లు చూసుకోవాలి. కాస్త ఓపిక కావాలంతే."