రెండు కఱ్ఱలు, ఒక్క పలక: సటీకా తాత్పర్యము

అవతారిక: మంచుకొండ మీద స్కీ వాళ్లు కలవారి బిడ్డలనీ, స్నోబోర్డు వాళ్లు అల్లరిమూక అనీ అమెరికాలో ఒక వాడుక. దాని గుట్టు విప్పదలచి అజ్ఞాతకవి ఒకడు ఈ ఆటవెలది చెప్పెను. కవి ఊరూ పేరూ తెలియవు. జలుబుతో ఉండి చెప్పాడని మాత్రం పండితుల ఊహ.

రెండు కఱ్ఱలున్న రీవిగా దిగివచ్చు
నొక్క పలక యున్న నొరిగి జారు
లిఫ్టు టిక్కెటొకటె లెక్క యిద్దఱికిని
తేడ యెచటనుండె? తెలియవలయు

టీక: రెండు కఱ్ఱలు + ఉన్నన్ = కాలికొకటి చొప్పున స్కీలు బిగించుకొన్నచో; రీవిగాన్ = ఠీవిగా; దిగివచ్చున్ = కొండ దిగును (ఇంకెక్కడా దిగిరాడని ధ్వని); ఒక్క పలక + ఉన్నన్ = రెండు పాదాలూ ఒకే బోర్డుకు అడ్డంగా బిగించుకొన్నచో; ఒరిగి = పక్కకు వాలి; జారున్ = జారును; ఇద్దఱికిని = ఆ ఇద్దరికీ; లిఫ్టు టిక్కెటు = కొండ పైకి మోసే కుర్చీకి కట్టు రుసుము; లెక్క = ఖరీదు; ఒకటె = సమానమే; తేడ = భేదము; ఎచటన్ + ఉండె = ఎక్కడున్నది; తెలియవలయున్ = విచారింపదగినది.

తాత్పర్యం: రుసుము ఒకటే అయినప్పుడు ఒకడు దొర, ఒకడు పోకిరి ఎలా అయ్యారని కవి ప్రశ్న.

విశేషాలు: ‘రీవిగా’ అన్నాడు గానీ ఈ రీవి పుట్టుకతో వచ్చింది కాదు. నార్వేలోని టెలిమార్క్‌లో స్కీ పేదరైతు కాలినడకకు సాయం. ఆధునిక స్కీకి ఆద్యుడనే సోండ్రె నార్‌హైమ్ సొంత భూమి లేని పల్లెటూరి మనిషి. చివరికి అమెరికాలోని డకోటాకు వలసపోయాడు. దొరలు ఆ తర్వాత వచ్చారు. 1922లో ఆర్నాల్డ్ లన్ అనే ఆంగ్లేయుడు స్విట్జర్లాండులోని మ్యూరెన్‌లో స్లాలమ్ పందెం పెట్టాడు. 1924లో అక్కడే పుట్టిన క్లబ్బు పేరు కాందహార్, అఫ్గాన్ యుద్ధం గెలిచిన రాబర్ట్స్ ప్రభువు బిరుదు మీదుగా. ఆల్ప్స్ మంచుకు కాందహారు పేరు తగిలించగల వాళ్లకు రీవి కరువా!

‘ఒక్క పలక’: 1965 క్రిస్మస్ నాడు మిషిగన్‌లోని మస్కీగన్‌లో షెర్మన్ పాపెన్ కూతుళ్ల ఆటకోసం రెండు స్కీలను పక్కపక్కన చేర్చి బిగించాడు. పేరు స్నర్ఫర్, స్నోబోర్డు దాని సంతానమే. రెండు ఒకటయ్యాయి గనుక ఇది అద్వైతమని ఒక వర్గం. ఎక్కేటప్పుడు రెండుగా చీలి, దిగేటప్పుడు ఒకటయ్యే స్ప్లిట్‌బోర్డు వచ్చాక భేదాభేదవాదులకూ చోటు దొరికింది.

‘ఒరిగి’ అన్నమాట దగ్గర కాసేపు ఆగాలి. లిఫ్టు దిగేచోట నిలబడి చూడండి. స్కీ వాడు కుర్చీలోంచి లేచి అలాగే సాగిపోతాడు. బోర్డు వాడు ఒక కాలు విప్పుకుని కుంటుతూ దిగి, దారిలోనే మంచులో చతికిలబడి, పట్టీలు బిగించుకుంటాడు. స్కీ వాడు నిలబడి ఉంటాడు, బోర్డు వాడు నేలమీద ఉంటాడు. చిన్నచూపుకు ఇంతకంటే అనువైన ఎత్తు దొరకదు. పైగా అడ్డంగా నిలబడి జారే వాడికి వీపు వైపు వచ్చేవాడు కనపడడు. గుద్దుకుంటే తప్పెవరిదన్న తగవు సిద్ధం.

పూర్వపక్షం: పలక పేదవాడి ఆట, అందుకే వెలి వేశారు. మొదట్లో అమెరికా కొండలు చాలామటుకు దాన్ని రానీయలేదు. ఆస్పెన్ మౌంటెన్ 2001లో, తావోస్ 2008లో తలుపు తీశాయి. ఇప్పటికీ తీయనివి మూడు: యూటాలో ఆల్టా, డీర్ వ్యాలీ, వెర్మాంట్‌లో మ్యాడ్ రివర్ గ్లెన్. 2014లో స్నోబోర్డర్లు ఆల్టా మీద కోర్టుకెక్కారు. కొండలో చాలా భాగం ప్రభుత్వ అటవీ భూమి గనుక రాజ్యాంగం చెప్పిన సమానత్వం మాకూ కావాలన్నారు. నిషేధం కంపెనీది, ప్రభుత్వానిది కాదని 2016లో అప్పీలు కోర్టు కొట్టేసింది.

ఖండనం: డీర్ వ్యాలీలో కారు దగ్గరికే వచ్చి స్కీలు దించిపెడతారు. మ్యాడ్ రివర్ గ్లెన్‌లో ఒంటిమనిషి కుర్చీల పాత లిఫ్టు. ఆ కొండ స్కీయర్ల సహకార సంఘం సొత్తు. కలవారి విడిదీ, సహకార సంఘమూ ఒక్కమాట మీద పలకను అడ్డగించాయంటే అక్కడ పేదరికం ప్రసక్తి ఏముంది? వెయిల్ కొండ మీద రద్దీ రోజున గేటు దగ్గర కొనే టిక్కెట్టు 300 డాలర్లు దాటింది. బోర్డు కుర్రాడి వదులు ప్యాంటు స్కేట్‌బోర్డు సందుల నుంచి అరువు తెచ్చింది. టిక్కెట్టు నాన్న కార్డు మీద కొన్నది. తండ్రి మీద తిరుగుబాటుకు తండ్రే రుసుము కట్టడం ఈ క్రీడలోని చమత్కారం. కారణం ఉండీ కార్యం పుట్టలేదు గనుక, అనగా టిక్కెట్టు సమానమై మర్యాద సమానం కాలేదు గనుక, అలంకారం విశేషోక్తి.

సిద్ధాంతం: తేడా ఎచట? 2024 డిసెంబరు చివర, పండగ రద్దీలో, పార్క్ సిటీ కొండ మీద పడినవాళ్లను ఎత్తుకొచ్చే స్కీ పెట్రోల్ సిబ్బంది సమ్మెకు దిగారు. కొత్తగా చేరేవాళ్ల కూలి గంటకు 21 డాలర్ల నుంచి 23కు పెంచమన్నారు. ఆ 21 లెక్కన 300 డాలర్ల టిక్కెట్టంటే దాదాపు రెండు రోజుల పని. కొండ మీద కలిగినవాడూ లేనివాడూ వీళ్లే: లిఫ్టెక్కే ఆటగాడు, అతడు పడితే ఎత్తుకొచ్చే పనివాడు. కఱ్ఱలూ పలకా కలవారింటి దాయాదుల పేచీ.

సాల్ట్ లేక్ వైపు వెళ్లే పాఠకులకు మనవి: ఆల్టాకు పలక తీసుకెళ్లకండి, లిఫ్టెక్కనివ్వరు. పక్కనే స్నోబర్డ్ ఉంది. అక్కడ రెండూ చెల్లుతాయి.