దక్షిణచిత్రకు మిట్టమధ్యాహ్నం వెళ్లండి

చెన్నై వచ్చిన స్నేహితుణ్ణి దక్షిణచిత్రకు తీసుకెళ్తున్నారా? అయితే డిసెంబరు, జనవరి నెలలు వద్దు. ఆ చల్లదనంలో రేకుల షెడ్డు కూడా హాయిగానే ఉంటుంది. మే నెలలో, మిట్టమధ్యాహ్నం, గొడుగు లేకుండా తీసుకెళ్లండి. ఇంట్లోవాళ్లు వారిస్తారు, వినకండి. నీళ్ల సీసా ఒక్కటి పట్టుకోండి, చాలు.

చెన్నైకి దక్షిణాన, ముట్టుకాడులో, సముద్రానికి దగ్గరగా పదెకరాల్లో 1996 డిసెంబరు 14న తెరిచిన ఆవరణ ఇది. డెబొరా త్యాగరాజన్ స్థాపించిన మద్రాస్ క్రాఫ్ట్ ఫౌండేషన్ దీన్ని నడుపుతోంది. ప్రణాళికలో వాస్తుశిల్పి లారీ బేకర్ చెయ్యి ఉంది. తమిళనాడు, కేరళ, కర్ణాటక ఇళ్లతో పాటు మన ఇళ్లూ ఉన్నాయి. కూల్చేయబోతున్న పాత ఇళ్లను కొని, దూలాలు, వాసాలు, తలుపులు విప్పి, ఇక్కడికి తెచ్చి మళ్లీ నిలబెట్టారు. మొత్తం 18 ఇళ్లు. పద్దెనిమిదీ చూపించాలని పరుగులు పెట్టించకండి. మూడు చాలు. టిక్కెట్టు డబ్బు వృథా అవుతుందని స్నేహితుడు గొణిగినా సరే, మూడే.

మొదటిది చెట్టినాడు వర్తకుడి ఇల్లు. ఎండలో బాగా మాడాక లోపలికి తీసుకెళ్లండి. మందపాటి సున్నపు గోడలు, బర్మా వ్యాపారం రోజుల నాటి ఐశ్వర్యాన్ని చెప్పే టేకు స్తంభాలు, నడుమ ఆకాశానికి తెరిచిన ముంగిలి. వేడిగాలి ఆ ముంగిలి గుండా పైకి పోతుంటే వాకిలి వైపు నుంచి గాలి లోపలికి వస్తుంది. ఈ సంగతి మీరు చెప్పకండి, బోర్డు కూడా చదవనివ్వకండి. అతని చెమటే చెబుతుంది. అరుగు మీద కాసేపు నడుం వాల్చమనండి. దారిన పోయేవాళ్లు కూర్చోవడానికి, పడుకోవడానికే ఆ అరుగులు కట్టారు. వాటిని నిలబడి ఫొటోలు తీసుకుని వదిలేయడం నాకు బాధగా ఉంటుంది.

రెండోది విశాఖ వైపు హరిపురం తరహా చుట్టిల్లు. ఇక్కడ నా సలహా ఇంకా మొండిది: చూరు తగులుతుందని హెచ్చరించకండి. తాటాకు కప్పు తలకు తగిలితే ఏమీ కాదు. పైగా ఆ దెబ్బతోనే, చూరు అంత కిందికి ఎందుకు దించారన్న ప్రశ్న పుడుతుంది. బంగాళాఖాతం తుపానుగాలికి గుండ్రటి గోడ అడ్డంగా నిలవదు, పక్కలకు జారవిడుస్తుంది. కిందికి దిగిన తాటాకు ఏటవాలు వాన నుంచి మట్టిగోడను కాపాడుతుంది. 2014 అక్టోబరులో హుద్‌హుద్ తుపాను విశాఖను తాకినప్పుడు పెద్ద పెద్ద భవనాల అద్దాలు రాలిపోవడం చూసినవాళ్లకు ఈ ఇంటి ముందు వంగడం చిన్నతనంగా అనిపించదు.

మూడోది నల్గొండ వైపు కొయ్యలగూడెం చేనేత కార్మికుడి ఇల్లు. ఎక్కువసేపు ఇక్కడే ఉండండి. ముందుగా చీరల దుకాణానికి వెళ్లనివ్వకండి. చీర ముట్టుకోక ముందే, స్నేహితుణ్ణి వరండాలో కూర్చోబెట్టి, కుడిచెయ్యి చాచి, పైకీ కిందికీ వందసార్లు ఆడించమనండి. పిచ్చిపని అంటాడు. చేయించండి. ఇక్కత్‌లో రంగు నేతకు ముందే నూలుకు పడుతుంది. అందుకు ముందు నూలును మేకుల చుట్టూ తిప్పుతూ ఆసు పోయాలి. ఒక్క చీరకు చెయ్యి సుమారు 9,000 సార్లు ఆడాలి. తరతరాలుగా ఆడవాళ్ల భుజాలు అరిగింది ఆ పనిలోనే. తల్లి లక్ష్మి పడే నొప్పి చూడలేక చింతకింది మల్లేశం 1999లో ఆసు యంత్రం తయారుచేసి ఆమె పేరే పెట్టారు. 2017లో ఆయనకు పద్మశ్రీ వచ్చింది. వందకే భుజం పట్టుకున్న మనిషి తర్వాత దుకాణంలో బేరమాడడు. ఇల్లంటే గోడలు మాత్రమే అనుకునేవాళ్లకు ఈ వరండా తప్పనిసరి.

అక్టోబరు, నవంబరుల్లో జోరువాన పడితే ప్రయాణం వాయిదా వేసుకోకండి. అప్పుడు కేరళ ఇంటికి వెళ్లండి. ఆ నిటారు పెంకుల కప్పు వాన కోసమే పుట్టింది. తడవండి.

ఫోన్ తీయొద్దని నేను అనను. తీసి, ఊళ్లో ఉన్న అమ్మమ్మకో తాతయ్యకో వీడియో కలపండి. దూలాలు, అటక, వంటిల్లు చూపించండి. గైడు కంటే వాళ్లే బాగా చెబుతారు. ఆ తర్వాత, మీ ఊరి పెంకుటిల్లు ఇంకా నిలిచి ఉంటే, పడగొట్టేలోపు గదుల కొలతలు, గోడ మందం, తలుపు ఎత్తు రాసిపెట్టండి. ఎవరూ అడగకపోయినా రాయండి.

దక్షిణచిత్రకు మంగళవారం సెలవు.