పచ్చకు నీలి చెల్లెలు

అక్వామెరీన్ లేత సముద్రపు రంగు రత్నం. పుట్టింది బెరిల్ కుటుంబంలో, పచ్చకు చెల్లెలు. ఒకే ఖనిజంలో క్రోమియమో వెనేడియమో చేరితే పచ్చ, ఇనుము చేరితే అక్వామెరీన్. అక్కకు నవరత్నాల్లో పీట వేశారు, బుధుడి అండా దొరికింది. చెల్లెలిని మాత్రం ఏ గ్రహమూ తన రాయిగా ఒప్పుకోలేదు. పాపం, పొట్టకూటికి ఓడలెక్కింది.

పాత ఐరోపా నావికులు దానికిచ్చిన కొలువు ఓడ మునగకుండా చూడడం. మత్స్యకన్యల భోషాణంలోంచి ఒడ్డుకు కొట్టుకొచ్చిన రాయి అన్నారు. ఓడను కాపాడుతుందన్న పేరు చెక్కుచెదరలేదు; క్షేమంగా తిరిగొచ్చినవాళ్లు సాక్ష్యం చెప్పారు, మునిగినవాళ్లు ఫిర్యాదుకు రాలేదు. బెరిల్ మీద కప్పబొమ్మ చెక్కిస్తే పగవాళ్లు స్నేహితులవుతారని మరో నమ్మకం. ఇందులో కొంత సబబు లేకపోలేదు. ఇద్దరు శత్రువులు ఒకే ఉంగరంలోకి తొంగిచూసి “ఇది కప్పేనా?” అని మాట కలిపితే సగం రాజీ అయినట్టే. 1912లో అమెరికా నగల వర్తకులు జన్మరత్నాల జాబితా వేసి దీన్ని మార్చిలో పుట్టినవాళ్లకు కేటాయించారు. సభ పెట్టి తీర్మానించిన సనాతన విశ్వాసం అంటే ఇదే.

నగల కథ మన వైపే మొదలవుతుంది. బెరిళ్లు ఎక్కువగా భారతదేశంలోనే దొరుకుతాయని 1వ శతాబ్ది రోమన్ రచయిత ప్లినీ రాశాడు. తమిళనాడులో కాంగేయం దగ్గరి పడియూర్ బెరిల్ గనులకు పేరుమోసిన ఊరు. భారతీయులకు పొడవాటి రాళ్లంటే మోజట. వీటికి బంగారం కట్టు అక్కర్లేదని చెప్పి, బెజ్జం వేసి ఏనుగు వెంట్రుకలతో గుచ్చేవారట. మనవాళ్లు నగకు బంగారం వద్దన్నారంటే ప్లినీ ఎందుకు ఆశ్చర్యంగా రాసుకున్నాడో తెలుస్తూనే ఉంది.

చేతితో నగలు చేసేవాళ్లు ఏనుగును వదిలేసి వెండి తీగకు వచ్చారు. బెరిల్ ఆరు పలకల పొడవాటి స్ఫటికంగా పెరుగుతుంది కాబట్టి తీగ చుట్టడానికి అనువు. కాఠిన్యం 7.5 నుంచి 8. రోజూ పెట్టుకునే ఉంగరానికి సరిపోతుంది. రంగు మాత్రం పలుచన. చిన్న రాయి దాదాపు మంచినీళ్లలా కనబడుతుంది, పెద్దదానిలోనే నీలం తేలుతుంది. వెలుతురు దూరేలా వెనకవైపు తెరిచి పొదగడం అందుకే. ఆకుపచ్చ ఛాయ ఉన్న రాళ్లను సుమారు 400 డిగ్రీల సెల్సియస్ వేడికి గురిచేస్తే ఆ ఛాయ పోయి నీలం మిగులుతుంది. పెద్ద రాయే కావాలంటే బ్రెజిల్‌లో దొరికిన స్ఫటికం నుంచి జర్మనీలో చెక్కిన ‘డామ్ పెడ్రో’ ఉంది: 10,363 క్యారట్లు, అంటే రెండు కిలోలకు పైనే. దానితో లోలాకులు చేయిస్తే చెవులు భుజాల మీదికి దిగుతాయి.

స్ఫటికానికి రంగేసి బెరిల్ అని అమ్మే విద్యా భారతీయులదేనని ప్లినీయే రాశాడు. ఇప్పుడు ఆ పని గాజూ నీలి టోపాజూ చేస్తున్నాయి. ఒకే పరిమాణంలో టోపాజ్ బరువు ఎక్కువ. గాజులో తరచు గాలిబుడగలు కనబడతాయి. అసలుదైతే గోరువెచ్చని సబ్బునీళ్లూ మెత్తటి బ్రష్షూ దాని ఆలనాపాలనకు చాలు. కప్ప చెక్కించాలా వద్దా అన్నది ఇంట్లో పరిస్థితిని బట్టి.