ఒక లెటర్‌హెడ్‌కు టీకాతాత్పర్యం

అవతారిక: మల్లినాథసూరి మాకు దగ్గరివాడే, మెదకు సీమలోని కొలచారం ఆయనది. ఆధారం లేనిది రాయను, అక్కరలేనిది చెప్పను అని వ్యాఖ్య మొదలుపెట్టే ముందే ఒట్టు పెట్టుకున్నాడు. మాకు అటువంటి ఒట్లు లేవు. కనుక నల్లగొండ, పాలమూరు సీమల్లో ఈ మధ్య వేదవాక్కులా చెలామణి అవుతున్న ఒక జవాబుకు వ్యాఖ్య రాయ పూనుకున్నాం.

మూలం: “మీ పుస్తకం అందింది. చాలా బాగుంది. వీలు చూసుకొని చదువుతాను. ఇలాగే రాస్తూ ఉండండి. శుభాశీస్సులు.”

కర్త రాజధానిలో ఉండే ఒక ప్రముఖుడు. గ్రంథవిస్తర భీతిచేత పేరు విడిచాం. ఆయన బిరుదులకే లెటర్‌హెడ్‌లో సగం కాగితం పట్టింది. సంతకం ఉండవలసిన చోట రబ్బరుముద్ర. ఊదా సిరా అలుక్కుపోయి ‘శుభా’ను సగం మింగింది.

ప్రతులు: మాకు మూడు ప్రతులు దొరికాయి. నల్లగొండ ప్రతి గడియారం సెంటర్లో ఫ్లెక్సీ మీద ఉన్నది. అందులో కవిగారి ఫొటో ప్రముఖుడి ఫొటో కంటే పెద్దది. పాలమూరు ప్రతికి ఫ్రేము కట్టి, హాల్లో దేవుడి పటాల సరసన వేలాడదీశారు. దేవరకొండ ప్రతి వాట్సాప్ స్టేటస్‌లో లభ్యం. మూడింటా అక్షరం తేడా లేదు, పాఠభేదాలకు తావే లేదు. అయితే దేవరకొండ పెద్దమనిషి పంపింది పుస్తకం కాదు, కూతురి పెళ్లి శుభలేఖ. ఆయనకూ ‘మీ పుస్తకం చాలా బాగుంది’ అనే వచ్చింది. ఆయనా స్టేటస్ పెట్టుకున్నాడు.

టీక: ‘మీ’, ‘పుస్తకం’, ‘అందింది’ సుబోధకాలు కనుక విడిచాం.

శంక: చదవకముందే బాగుందని ఎట్లా తేలింది?

సమాధానం: అర్థాపత్తి ప్రమాణం చేత. పగలు భోంచేయని దేవదత్తుడు లావుగా ఉన్నాడంటే రాత్రిపూట తింటున్నాడని మీమాంసకులు తేలుస్తారు. ప్రముఖుడికి పగలంతా సన్మానాలు, రిబ్బన్ కత్తిరింపులు; కాబట్టి రాత్రి చదివి ఉండవలె. మరి ‘చదువుతాను’ అని భవిష్యత్తు ఎందుకంటారా? దేవదత్తుడు రాత్రి కూడా తినలేదని ఒప్పుకొని ముందుకు సాగుతున్నాం.

‘రాస్తూ ఉండండి’: ఈ మాట ఎక్కడ విన్నా మాకు ఇటిక్యాలపాడు సురవరం ప్రతాపరెడ్డి గారు యాదికొస్తారు. నిజాం ఇలాకాలో బడి చదువు ఉర్దూలో. సభ పెట్టుకోవాలంటే సర్కారు అనుమతి కావాలె. అటువంటి రోజుల్లో, 1922లో, షబ్నవీసు వెంకటరామ నరసింహారావు గారు నల్లగొండ నుంచి నీలగిరి పత్రిక నడిపారు. 1926లో ప్రతాపరెడ్డి గారు హైదరాబాదులో గోలకొండ పత్రిక మొదలుపెట్టారు. తెలంగాణలో కవులు లేరని ముడుంబై వెంకటరాఘవాచార్యులు గారు ఒక మాట అన్నారు. ఇంకొకరైతే ఒక ఘాటు సంపాదకీయం రాసి చేతులు దులుపుకునేవారు. ప్రతాపరెడ్డి గారు ఊరూరి నుంచీ పద్యాలు తెప్పించి, రాసినవారి వివరాలతో సహా 1934లో గోలకొండ కవుల సంచిక అచ్చేశారు. 354 మంది కవులు! వచ్చిన ప్రతి పద్యాన్నీ ఎవరో ఒకరు కూర్చొని చదివితే తప్ప అటువంటి పుస్తకం తయారుకాదు. పేరు, ఊరు, పద్యం అచ్చులో చూసుకున్న పల్లెటూరి కవికి అంతకంటే వేరే ఆశీస్సు ఏం కావాలె?

ప్రకృతం మరిచాం. రబ్బరుముద్ర దగ్గర కదా ఉన్నాం.

‘ఇలాగే’: ఇందులోనే ఉన్నది అసలు ప్రమాదం. నల్లగొండ కవిగారి శతకంలో మూడు పద్యాలకొకటి చొప్పున యతి తప్పింది. ‘ఇలాగే’ అంటే ఇక ముందు కూడా ఇట్లాగే తప్పమనా? ఆయన అట్లాగే అర్థం చేసుకున్నారు, రెండో శతకం ప్రెస్సులో ఉన్నది. చిట్టీ ఎత్తి అచ్చుకు పెట్టిన మనిషి ఆయన. మొదటి పద్యం రెండో పాదంలో యతి చూసుకో నాయనా అని ఒక్కరు చెప్పి ఉంటే ఆ డబ్బు మిగిలేది, పద్యమూ నిలబడేది. మేమెందుకు చెప్పలేదంటారా? చెప్పాం. ఆయన ఫ్లెక్సీ చూపించారు.

తాత్పర్యం: పార్సిల్ చేరింది.

ప్రముఖులకు మనవి: చదవకపోతే చదవలేదనే రాయండి, ఎవరూ ఏమీ అనుకోరు. చదివితే మాత్రం ఒక్క తప్పయినా చూపించండి. దానికి లెటర్‌హెడ్ అక్కరలేదు, పోస్టుకార్డు ఇప్పటికీ అర్ధరూపాయే.