నా అవసరాలు నేనే చెబుతాను: ఒక బండిల్ ఆత్మకథ

నేను ఓఎస్‌జీఐ బండిల్‌ని, అంటే జావా ప్రోగ్రాములను విడివిడి ముక్కలుగా కట్టే పద్ధతిలో ఒక ముక్కని. చూడ్డానికి మామూలు జార్ ఫైలునే. లోపల కంపైలైన జావా క్లాసులు, వాటితో పాటు మానిఫెస్ట్ అనే చిన్న టెక్స్ట్ ఫైలు ఉంటాయి. నా పేరు, నా వెర్షన్, నేను ఇతరులకిచ్చే ప్యాకేజీలు, ఇతరుల నుంచి నాకు కావలసిన ప్యాకేజీలు అందులో రాసి ఉంటాయి. నా బతుకంతా ఆ ఫైలు మీదే ఆధారపడింది.

మా వంశానికి మూలం 1999లో ఏర్పడిన ఓఎస్‌జీఐ కూటమి. మొదట్లో మమ్మల్ని ఇళ్లలోని గేట్‌వే పరికరాల కోసం తలపెట్టారు. 2004లో ఎక్లిప్స్ అనే ప్రోగ్రామింగ్ ఉపకరణం 3.0 వెర్షన్‌లో ఓఎస్‌జీఐ పద్ధతిని స్వీకరించాక మా వాడకం బాగా పెరిగి, సర్వర్లలోకీ వచ్చాం.

నేనుండేది జంషెడ్‌పూర్ పక్కన, ఖర్కాయి నదికి అవతల ఆదిత్యపూర్‌లో. వాహనాల విడిభాగాలు చేసే ఒక కర్మాగారం సర్వర్ నా ఇల్లు. లారీలో ఏ సరుకు ఎంత ఎక్కిందో కొనుగోలుదారు కంప్యూటర్‌కు వెబ్ సర్వీసు ద్వారా చెప్పడం నా పని. నేను ఆగితే గేటు దగ్గర లారీ ఆగుతుంది. నన్ను రాసిన ఇంజినీరు కదమలో పెరిగిన తెలుగమ్మాయి. ఉక్కు పనికని శ్రీకాకుళం నుంచి వచ్చిన కార్మికుడి మనవరాలు.

సర్వర్‌ను జావా 8 నుంచి జావా 11కు మార్చిన రోజు నేను లేవలేదు. బండిల్ ముందు ‘ఇన్‌స్టాల్డ్’ అవుతుంది. అడిగినవన్నీ దొరికితేనే ‘రిజాల్వ్డ్’, ఆ తర్వాతే ‘యాక్టివ్’. నేను మొదటి మెట్టు మీదే ఉండిపోయాను. ఆ ఇంజినీరు నన్ను నడిపే ఈక్వినాక్స్ కన్సోల్‌లో ‘డయాగ్’ అని కొట్టింది. ‘జావాక్స్.ఎక్స్‌ఎంఎల్.డబ్ల్యూఎస్’ ప్యాకేజీ ఇచ్చేవారు లేరని జవాబొచ్చింది. జావా 6 నుంచి జేడీకేలోనే ఉంటూ వచ్చిన ఆ ప్యాకేజీని 2018లో వచ్చిన జావా 11 తీసేసింది.

“ఆ జార్ తెచ్చి లిబ్ ఫోల్డర్‌లో పడేస్తే పోలా, అమ్మా?” అన్నారు పక్క సీటు పెద్దాయన.

“అక్కడ పెడితే దీనికి కనబడదు సార్. దీని క్లాస్‌లోడర్ దీనిదే. ఏం కావాలో అదే చెబుతోంది కదా, అదే ఇద్దాం.”

ఆ ప్యాకేజీనిచ్చే జాక్స్-డబ్ల్యూఎస్ ఏపీఐ బండిల్ 2.3ను తెచ్చి పెట్టింది. అయినా నేను లేవలేదు, ఎందుకంటే ఆ బండిల్‌కూ అవసరాలున్నాయి. అది జాక్స్‌బీ అడిగింది, సోప్ ఏపీఐ అడిగింది, ఆ జాక్స్‌బీయేమో యాక్టివేషన్‌ను అడిగింది. ‘డయాగ్’ చూపిన వరసలోనే ఒక్కొక్కటీ సమకూర్చింది. ఆ ఏపీఐని నా కడుపులోనే దాచే దారి ఉన్నా, ఆ జోలికి పోలేదు. నా దగ్గరొక ప్రతి, నేను వాడే వెబ్ సర్వీసు లైబ్రరీ అపాచీ సీఎక్స్‌ఎఫ్ దగ్గరొక ప్రతి ఉంటే పేరు ఒకటే అయినా క్లాసులు వేరు. ఒకరిచ్చిన ఆబ్జెక్ట్ మరొకరి చేతిలో క్లాస్‌కాస్ట్ ఎక్సెప్షన్ అవుతుంది.

చివరగా నా మానిఫెస్ట్ దిద్దింది. అంతవరకూ ‘జావాక్స్.ఎక్స్‌ఎంఎల్.డబ్ల్యూఎస్’ ప్యాకేజీకి నేను వెర్షన్ రాసుకోలేదు. అంటే ఏ వెర్షన్ ఇచ్చినా సరేనని ఒప్పుకున్నట్టే. ఇప్పుడు 2.2 నుంచి 3.0 లోపు అని హద్దు పెట్టింది. నన్ను అప్‌డేట్ చేసి స్టార్ట్ చేయగానే రిజాల్వ్ అయ్యాను, యాక్టివ్ అయ్యాను. లారీల సరుకు చలాన్లు కొనుగోలుదారుకు వెళ్లాయి.

మమ్మల్ని రాసే వారందరికీ నా విన్నపం ఒకటే. డైనమిక్ ఇంపోర్ట్‌కు నక్షత్రం గుర్తు పెట్టి మా అవసరాలను దాచకండి. కావలసిన ప్యాకేజీని పేరుతో, వెర్షన్ హద్దులతో రాయండి. అలా రాస్తే లోటు డిప్లాయ్ చేసేటప్పుడే మీ ముందు బయటపడుతుంది. దాస్తే లారీ గేటు దగ్గర ఉన్నప్పుడు బయటపడుతుంది.