పాత ల్యాప్‌టాప్ పద్యము: సటీకాతాత్పర్యము

ఆ.వె.
వైరు మొదట తీసి, బ్యాటరీ విడదీసి,
మీట నొక్కి, కాస్త మిన్నకుండి,
మరల వరుస పేర్చి, మఱవక గుర్తించి
పనికి దిగిన వాడె పండితుండు.

అవతారిక: పాత ల్యాప్‌టాప్ వేడెక్కి, ఫ్యాను రొదపెట్టి, తనంత తానే ఆగిపోవుచుండగా, యూట్యూబున వీడియో చూచి స్క్రూడ్రైవరు చేబూనిన గృహస్థునకు కవి చేయు హితోపదేశము.

ప్రతిపదార్థము: మొదట = స్విచ్చి కట్టితిని గదా యని ఊరకుండక; వైరు తీసి = ఛార్జరు పిన్ను ఊడబెరికి; బ్యాటరీ విడదీసి = బ్యాటరీని ల్యాప్‌టాప్ నుండి వేరుచేసి; మీట నొక్కి = పవర్ బటను కొన్ని సెకండ్లు అదిమిపట్టి; కాస్త మిన్నకుండి = "ఇది బాగయ్యేదేనా?" అను ఇంటివారికి బదులీయక; మరల = స్క్రూలను; వరుస పేర్చి = ఊడదీసిన క్రమమున అమర్చి; మఱవక గుర్తించి = ఏది ఏ రంధ్రములోనిదో కాగితమున వ్రాసికొని; పనికి దిగిన వాడె = మూత తెఱచినవాడే; పండితుండు = తెలిసినవాడు.

తాత్పర్యము: కరెంటు రాకడ, నిలువ, మిగులు మూడును తొలగించి, స్క్రూల లెక్క చూచుకొని పని ప్రారంభింపవలెనని భావము.

విశేషములు: 1. "విడదీసి" యనగా డబ్బా పగులగొట్టి లోని సెల్లులు వేరుచేయుట యని కొందరి వ్యాఖ్య. అది ఇల్లు కాల్చు పాఠాంతరము. లిథియం సెల్లునకు స్క్రూడ్రైవరు మొన గ్రుచ్చుకొన్నచో లోపలనే షార్టై, ఆ వేడి మఱింత వేడిని పుట్టించి భగ్గుమనును. ఉబ్బిన బ్యాటరీలో నున్నవి మండగల వాయువులు; దానిని నొక్కరాదు, పొడువరాదు, చెత్తబుట్టలో వేయరాదు. ఈ-వ్యర్థములు తీసికొనువారికి అప్పగింపవలెను.

2. స్క్రూలు విప్పక బ్యాటరీ వచ్చుటెట్లు? అని శంక. పాతవాటిలో అడుగు గొళ్ళెము జరిపినంతనే వచ్చును. లోపల బిగించిన రకమునకు మూత తీసి, మఱేమియు ముట్టకమునుపే దాని కనెక్టరు ఊడదీయుట అనుక్తసిద్ధము.

3. "మీట" ఉపలక్షణము, ర్యాము ముట్టుటకు ముందు లోహమును తాకుటయు గ్రాహ్యము. స్థిరవిద్యుత్తు సుమారు 3,000 వోల్టులైన గాని మన చేతికి తెలియదు. చిప్పు చచ్చుటకు అందులో కొద్దిపాలు చాలును.

4. "వరుస" వ్యర్థపదము కాదు. పొట్టి స్క్రూ చోట పొడుగుది బిగించినచో మదర్‌బోర్డునకు తూటు.

5. కవి ఛార్జరు విప్పుమనలేదు. 230 వోల్టుల ఏసీ అందు డీసీయై సుమారు 325 వోల్టులుగా కెపాసిటరున నిలుచును. ప్లగ్గు పీకిన పిదపను కొంతసేపు ఉండవచ్చును. ఎల్ఈడీలకు పూర్వపు తెరలలో పాదరసపు ట్యూబు, దానికి వందల వోల్టులిచ్చు ఇన్వర్టరు ఉండెడివి. ఈ రెంటి విషయమున కవిమౌనమే నిషేధము.

6. "బాగుచేసిన వాడె" అనక "పనికి దిగిన వాడె" అనుట కవి జాగ్రత్త. ల్యాప్‌టాప్ లేచునని ఆయన ఎచ్చటను మాట ఈయలేదు; విప్పినవాడు నిక్షేపముగా లేచునని మాత్రమే హామీ.