తలకాయకు ఎనభై శాతం తగ్గింపు

మళ్లీ మొదలైంది. ట్రాఫిక్ చలానాలకు డిస్కౌంట్ రాబోతోందట, ఎవరూ తొందరపడి కట్టెయ్యకండి అని వాట్సాప్‌లో హితబోధ. మా అపార్ట్‌మెంట్ గ్రూపులో ఆ మెసేజీకి పడినన్ని దండాలు వినాయక చవితికి కూడా పడలేదు.

2022 మార్చిలో తెలంగాణలో బైకులకు 75 శాతం తగ్గించినప్పుడు సరే, కరోనా కష్టాలు అనుకున్నాం. 2023 డిసెంబరులో అది 80 శాతమైంది. ఆషాఢం సేల్‌లో చీరల కొట్టువాడు కూడా ఇంత తెగించడు. వెయ్యి జరిమానాకు రెండొందలు పారేస్తే చాలు. ఇచ్చిన గడువు, గడువు మీద గడువు, అదీ అచ్చం సేల్ పద్ధతే.

ఫొటో పడ్డ వారంలోనే కట్టేసిన బుద్ధిమంతుడికి పూర్తి ధర. చాంతాడంత చిట్టా పెంచుకుని ఓపిగ్గా కూర్చున్నవాడికి బహుమానం. అసలు తప్పే చెయ్యకుండా, ఎర్రలైటు దగ్గర ఆగి వెనకవాళ్ల హారన్లూ తిట్లూ తిన్నవాడి సంగతి? వాడికి ఏ ఆఫరూ వర్తించదు. బాకీ లేనివాడికి పండగేమిటి?

ఇలా బేరాలాడి పెంచిన ఊళ్లో హెల్మెట్ కాపాడేది తలను కాదు, జేబును. అందుకే చౌరస్తా కనపడగానే మోచేతి నుంచి తలకెక్కుతుంది, దాటగానే దిగిపోతుంది. నంబర్ ప్లేటుకు మాస్కు తొడుగుతారు. తలకు పెట్టినా బకిల్ పెట్టరు, చెంపకీ దానికీ మధ్య ఫోను దోపుతారు. యూటర్న్ దూరమని రాంగ్ రూట్లో ఎదురొచ్చినవాడు మననే కసురుతాడు.

వేళాకోళం ఇక చాలు. 2022లో ఈ దేశంలో హెల్మెట్ లేకుండా రోడ్డు ప్రమాదాల్లో చనిపోయినవాళ్లు 50,029 మంది. కేంద్ర రవాణా శాఖ అచ్చేసిన లెక్కే ఇది. వాళ్లలో 14,337 మంది వెనక కూర్చున్నవాళ్లు. ఎవరు వాళ్లు? భార్య, తమ్ముడు, కాలేజీ దగ్గర దింపమన్న కూతురు. చలానా నడిపేవాడికే వస్తుందని ఇంట్లో ఒక్క హెల్మెటే కొన్నారు. సిగ్గుండాలి. నాలుగేళ్లు దాటిన పిల్లలకూ హెల్మెట్ ఉండాలని చట్టంలో రాసి ఉంది. మనం మాత్రం పిల్లాణ్ని ట్యాంకు మీద, హ్యాండిల్‌కు జానెడు దూరంలో కూర్చోబెట్టి, గాలి తగులుతోందా నాన్నా అని అడుగుతాం.

పెట్టుకునేదైనా సరైనదా అంటే, ఫుట్‌పాత్ మీద అమ్మేదాన్ని ఒకటి తీసుకుని లోపలి గుడ్డ పైకెత్తండి. దెబ్బను పీల్చుకోవడానికి మందపాటి థర్మాకోల్ ఉండాల్సిన చోట పల్చటి స్పాంజి ముక్క. బొటనవేలితో నొక్కితే డొప్ప సొట్టపోతుంది. వెనక మాత్రం ఐఎస్ఐ స్టిక్కర్ తళతళలాడుతూ ఉంటుంది, గోటితో గీకితే అంచు లేచొస్తుంది. ఆ మార్కు లేని హెల్మెట్ అమ్మడం 2021 జూన్ నుంచి నేరం. అందుకని స్టిక్కర్ అంటించారు, అంతే.

ఈ కొట్టు పెట్టేది ఎక్కడో మూల సందులో కాదు. చలానాలు రాసే చౌరస్తాకు నాలుగడుగుల అవతలే, పట్టుబడ్డవాడు గబగబా వచ్చి కొనుక్కోవడానికి వీలుగా. గిరాకీ అంతా పోలీసు కెమెరా పుణ్యమే. ఆ కెమెరా కొట్టువాడి వైపు మాత్రం తిరగదు.